బండికి మెట్టా, కాపుకడ్డీయా?

ఇంటికి గడప యెట్టిదో బండికి మెట్టట్టిదని మా యభిప్రాయము. లోపల నెంత సౌఖ్యమున్నను, కాలు మోపి యెక్కుటకు వీలులేనిచో నా సౌఖ్యము కొందరికే దక్కును. ఇటీవల మా యింట రెండు వరుసల సీట్లుగల పికప్పు బండిని కొన్నప్పుడు ఈ విషయమై చర్చ జరిగినది. ఇట్టి బండ్లు మన ప్రాంతమునకు క్రొత్తవి కావు. 2022 లో నేర్పడిన తిరుపతి జిల్లాలోని శ్రీసిటీయందే, ఇసుజు కర్మాగారమున, 2016 మొదలు పికప్పులు తయారగుచున్నవి. కావున మా యింటి చర్చ సోదరీమణులకు కొంత యుపకరించునని తలంచి వ్రాయుచున్నాము.

మా మామిడితోట చంద్రగిరి కావల రాతినేలలో నున్నది. కాపు కాలమున తోతాపురి కాయలు దామలచెరువు మండీకి పోవలెను. తక్కిన దినములలో ఆసుపత్రికైనను, పెండ్లికైనను ఇంటిల్లిపాదికి నా బండియే గతి. తలుపుల క్రింద తగిలించుటకు దుకాణమువారు రెండు వస్తువులు చూపిరి.

ఒకటి కాపుకడ్డీ. ఇది లావుపాటి యినుప గొట్టము. బండి యడుగుననుండు ఛాసీకి గట్టిగా బిగింపబడును. చక్రము గుంతలో దిగి బండి ప్రక్క రాతిపై కూర్చున్నప్పుడు, ఆ బరువును తలుపు క్రింది రేకునకు తగులనీయక తానే మోయును. అందుచేత నది నేలకు దూరముగా, రేకునకు దగ్గరగా నుండును. రెండవది మెట్టు. ఇది సన్నని యినుపపట్టెల యూతతో క్రిందికి దిగియుండును. మనిషి బరువును మోయునేగాని బండి బరువును మోయజాలదు. పెద్దరాయి తగిలిన వంగిపోవును. ఎత్తున నున్నది రాతిబాటకు మంచిది, కాలికి కష్టము. దిగువ నున్నది కాలికి మంచిది, రాతిబాటకు చెరుపు. తగవంతయు నిందే కలదు.

మగవారందరు కడ్డీయే మేలనిరి. వారి మాట త్రోసివేయదగినది కాదు. రేకు నొక్కుకొనిన తలుపు సరిగా పడదు, తుప్పు పట్టును, బాగుచేయించుటకు వ్యయమగును.

మేము టేపు తెచ్చి కొలిచితిమి. నేలనుండి బండి గడప 22 అంగుళములు. ఇండ్ల మెట్లు సాధారణముగా 6, 7 అంగుళముల యెత్తుండును. అనగా మూడు మెట్ల నొక్క యడుగున నెక్కవలెను! పంచె యెగగట్టిన మగవానికిది లెక్కలోనిది కాదు. చీరకట్టుతో, చంకను బిడ్డతో నెక్కువారి సంగతి వేరు.

మా యత్తగారు అలిపిరినుండి తిరుమలకు 3550 మెట్లు పలుమారు లెక్కినవారు. ఇప్పుడు మోకాళ్ల నొప్పి. బండి వచ్చిన నెలలోనే రెండు శుభకార్యములకు, “మీరు పొయ్యి రాండమ్మా, ఇంటికాడ నేనుంటాను” అనిరి. ఇంటి కాపలా వట్టి మిష. పదిమంది యెదుట తన్ను పట్టి పైకెక్కించుట ఆమెకు సిగ్గు. కంటివైద్యుని యొద్దకు పోవలసిన దినమున గూడ నేదో వంక చెప్పినప్పుడు మాకు భయము కలిగినది. పెద్దవారు బయటికి పోవుట మానుట యిట్లే మొదలగును. వలదని యెవ్వరు ననరు. ఎక్కుటకు మెట్టు మాత్ర ముండదు.

అప్పుడు మేము తోటబాట పొడవున నడిచి చూచితిమి. బండి యడుగు తగులు రాళ్లు మూడుచోట్ల మాత్రమే యుండెను. రాతిని పెకలించి మొరము పోయవచ్చును. మోకాలిని మార్చుట యంత సులభము కాదు. ఈ మాట మామగారికి నచ్చినది. రెండు దినములలో బాట చదునైనది. బండికి మెట్లు వచ్చినవి. ఆ వారమే యత్తగారు వైద్యుని జూచి వచ్చిరి.

మెట్టు సోకుకొరకని కొంద రందురు. పూర్వము జట్కాబండికి వెనుక నినుప మెట్టుండెడిది. తొలినాటి మోటారుకార్లకు ప్రక్కల పొడవాటి పలక యుండెడిది. అవి యెవరి సోకుకొరకు?

అయినను అందరికి నిదే తీర్పని మేము చెప్పము. కొండబాటల నిత్యము తిరుగువారికి కాపుకడ్డీయే తగినది. అట్టివారు పైభాగము చదునుగా నుండు కడ్డీ నడిగి చూడవలెను. మెట్టు కొనువారు గుండ్రని గొట్టమును వలదనుడు. వానలో, బురదలో కాలు జారును. చదునై, గరుకుగనో రంధ్రములతోనో యున్నది మేలు. చీరయంచు తగులుకొను మొనలుండరాదు. బిగింపు రేకునకు గాక ఛాసీకి జరుగవలెను. లోపల చేతిపిడి లేనిచో మెట్టు సగమే యుపకరించును. ఇక, ప్రక్కనుండి వేరొక వాహనము ఢీకొనిన ఈ కడ్డీ మనుష్యులను కాపాడునని నమ్మరాదు. అది రాళ్లకొరకు చేయబడినది. బండ్ల ముందు తగిలించు ఇనుప కమ్ములపై చర్య తీసికొనుడని కేంద్ర రవాణాశాఖ 2017 డిసెంబరులో రాష్ట్రములకు వ్రాసినది. కావున ప్రక్కలకు పొడుచుకొనివచ్చు దేనినైనను తగిలింపకముందు రవాణా కార్యాలయమున నడిగి తెలిసికొనుట మంచిది.

అన్నిటికన్న ముఖ్యమైన దొకటి. బేరమాడుటకు పోవునప్పుడు, ఇంటిలో మిక్కిలి కష్టముతో నెక్కువారిని వెంట దీసికొనిపోయి, ఆ మెట్టుపై వారిచేతనే ముమ్మారు ఎక్కించి దింపించి చూడుడు. పిదప పైక మిండు.