గులాబికి రెండు సంస్కారాలు

వేదాంతాభ్యాసం చేసేవారికి ‘సంస్కారం’ అనే పదం చిరపరిచితం. బ్రహ్మసూత్రాల సమన్వయాధికరణ భాష్యంలో శంకరభగవత్పాదులు కర్మఫలాన్ని నాలుగు విధాలుగా విభజించి విచారించారు. లేనిది కలగడం ఉత్పాద్యం. ఉన్నది మార్పు చెందడం వికార్యం. వేరుగా ఉన్నదానిని పొందడం ఆప్యం. ఉన్న వస్తువే శుద్ధి పొందడం సంస్కార్యం. ఈ సంస్కారం తిరిగి రెండు తెరగులు. వస్తువుకు లేని గుణాన్ని చేర్చడం గుణాధానం. దానికి పట్టిన దోషాన్ని తొలగించడం దోషాపనయనం. మోక్షం ఈ నాలుగింటిలో దేనికీ లోబడదని స్థాపించడమే అక్కడ భాష్యకారుల తాత్పర్యం. ఈ విభాగాన్ని నేను ఎన్నో పర్యాయాలు పారాయణ చేశాను. దానిని నిత్యం కళ్ళయెదుట చూపుతున్నది మాత్రం విశాఖపట్నం పాతనగరంలో మా మేడమీద ఉన్న 12 కుండీల గులాబితోట.

గులాబి ఈ తీరానికి అతిథి. పేరు పారసీకం; ‘గుల్’ అంటే పువ్వు, ‘ఆబ్’ అంటే నీరు. పూవునీటికి పెట్టిన పేరు కాలక్రమాన పూవుకే స్థిరపడింది. ఆయుర్వేదజ్ఞులు గులాబిగా గ్రహించే శతపత్రి, తరుణి అనే నామాలు 16వ శతాబ్దపు భావప్రకాశంలో పుష్పవర్గంలో కనిపిస్తాయి. ఈ నగరవాసికి పువ్వు అనగానే స్ఫురించేది సింహాచలం సంపెంగ; అది ఇంటిబిడ్డ, కొండగాలికే పెరుగుతుంది. అతిథి మాటవేరు. గులాబికి రోజుకు కనీసం ఆరుగంటల ఎండ కావాలి, పొడిగాలి కావాలి, రాత్రి కొంత చలి కావాలి. ఇక్కడ ఉన్నది సముద్రపు తేమ, ఉప్పుగాలి. 1933లో రేవు తెరుచుకొన్ననాటి నుండి బొగ్గు, ముడిఖనిజం ఎక్కుతూ దిగుతూ ఉన్న పట్టణమిది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగిన నగరమిది. అతిథిని ఆహ్వానించిన గృహస్థు ఆ అతిథి స్వభావాన్నీ, తన ఇంటి స్వభావాన్నీ రెంటినీ ఎరిగి ఉండాలి.

మొక్కను ఎన్నుకోవడంతోనే వివేకానికి పరీక్ష మొదలవుతుంది. మా వీధుల్లో తోపుడుబండ్లపై వచ్చే గులాబులలో చాలాభాగం గోదావరి తీరాన కడియం, కడియపులంక నర్సరీలలో పెరిగినవే. బండివాడు ఎప్పుడూ పూలున్న మొక్కనే ముందుకు జరుపుతాడు. “బాబుగారూ, దానికి మొగ్గైనా లేదు కదా. ఇది చూడండి, ఏడు పూలు!” అన్నాడు ఒకసారి. ఆ ఏడు పూలు వారం రోజులకు రాలిపోతాయి. ఆపైన మనకు మిగిలేది కాండమూ, వేరూ. కఠోపనిషత్తు శ్రేయస్సునూ ప్రేయస్సునూ వేరుచేసి చూపిన విధం ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకోదగినది. రెండూ మనిషి ముందుకు వస్తాయి. ధీరుడు పరిశీలించి ఎన్నుకొంటాడు. గులాబి కొనేటప్పుడు ఆ పరిశీలన ఇలా ఉంటుంది. పెన్సిలంత లావు కొమ్మలు రెండు మూడు ఉన్నాయా? అంటు అతుకు గట్టిగా, పగుళ్ళు లేక ఉన్నదా? అతుకు కట్టిన పాలిథిన్ పట్టీ కాండాన్ని నొక్కుతూ మిగిలిపోయిందా? ఆకు అడుగున సాలెగూటి వంటి సన్నని దారాలు, చుక్కలు ఉన్నాయా? సంచి అడుగునుండి వేళ్ళు చుట్టచుట్టుకొని బయటికి వచ్చాయా? ఇవన్నీ చూచిన తరువాత, పువ్వు ఉంటే సంతోషం, లేకున్నా లోపం లేదు.

ఏ జాతిని కొనాలన్నది ప్రయోజనాన్నిబట్టి తేలుతుంది. పూజకూ, పరిమళానికీ నాటుగులాబి, ఎడ్వర్డ్ గులాబి శ్రేష్ఠం. రేకులు మెత్తన, జాడీలో నిలువవు, కానీ ఎండకు ఓర్చుకొంటాయి. పొడవైన కాడపై ఒక్కొక్క పెద్దపువ్వు కావాలంటే హైబ్రిడ్ టీ జాతులు. గుత్తులు గుత్తులుగా కావాలంటే ఫ్లోరిబండా. సంవత్సరమంతా పూచే గుణం నేటి గులాబులకు చైనా జాతులనుండి సంక్రమించింది. ఆ జాతులు కొన్ని కలకత్తా మీదుగా ఓడలలో యూరప్ చేరాయి; అందుకే అక్కడివారు వాటిని బెంగాల్ గులాబులన్నారు. ఎడ్వర్డ్ హిందూమహాసముద్రంలోని రియూనియన్ ద్వీపంనుండి వచ్చిన వంశం. ఓడరేవులో కాపురమున్నవారికి ఈ వంశచరిత్ర ఆత్మీయంగానే తోస్తుంది.

ఇక గుణాధానం. కుండీ కనీసం 12 అంగుళాల వెడల్పు, అడుగున నీరు జారే రంధ్రాలతో ఉండాలి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువులపేడ ఎరువు, కొంత ఇసుక, కొంత కొబ్బరిపొట్టు, గుప్పెడు వేపపిండి చాలు. ఎముకలపొడి ఫాస్ఫరస్‌కు మంచిదని తోటపనివారు చెబుతారు. పూజాపుష్పం కోసం పెంచే ఇళ్ళలో దానికి బదులు రాక్ ఫాస్ఫేట్ వాడవచ్చు. నాటేటప్పుడు అంటు అతుకు మట్టిపైకి కనిపించాలి. తొలి రెండు నెలలు వచ్చిన మొగ్గలను గిల్లివేస్తే వేరు స్థిరపడుతుంది. ఆపైన నెలకొకసారి పిడికెడు వర్మీకంపోస్టు. ఇంతకు మించిన దానం అపాత్రదానం. అధికంగా వేసిన రసాయనపు ఎరువు వేరును కాలుస్తుంది, ఆకు అంచులు మాడుతాయి.

మొక్క వాడినప్పుడల్లా ‘ఏమి వేయాలి?’ అన్న ప్రశ్నే లోకానికి ముందు స్ఫురిస్తుంది. ‘ఏమి తీసివేయాలి?’ అన్నది ఆలస్యంగా తోస్తుంది. ఈ నగరంలో గులాబికి రెండవ ప్రశ్నే ప్రాణాధారం.

సంస్కృతంలో ‘రజస్సు’ అన్న ఒక్క మాటకు ధూళి అనీ, పుప్పొడి అనీ, చలనశీలమైన రజోగుణమనీ అర్థాలు. మా మేడమీద ఈ మూడూ ఒకచోటనే దర్శనమిస్తాయి. పువ్వులో పుష్పరజస్సు, ఆకుపై వీధులూ, వాహనాలూ, సముద్రమూ, పరిశ్రమలూ కలిసి పంపిన ధూళిరజస్సు, వాటికి మూలమైన మానవవ్యాపారంలో రజోగుణం. ఆకుమీద పేరుకొన్న ధూళి ఎండను అడ్డుకొంటుంది. వేసవిలో ధూళి, వేడి, పొడి కూడినచోట ఎర్రనల్లి ఆకు అడుగున విజృంభిస్తుంది. కనుక రెండు మూడు రోజులకొకసారి ఆకు పైభాగాన్నీ, ముఖ్యంగా అడుగుభాగాన్నీ నీటితో కడగాలి. అయితే ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. నల్లమచ్చ తెగులు శిలీంధ్రబీజాలు మొలకెత్తడానికి ఆకు సుమారు ఏడు గంటలు తడిగా ఉండాలి. సాయంకాలం కడిగితే ధూళి పోయి తెగులు వస్తుంది. సూర్యోదయవేళ కడిగితే ఎండ రాగానే ఆకు ఆరుతుంది. అకాలంలో చేసిన శుద్ధి మరొక దోషానికి దారి తీస్తుందన్నది ఆచారాలన్నింటికీ వర్తించే మాట.

రెండవ దోషాపనయనం కత్తిరింపు. మాకు సమీపాన బురుజుపేటలో వెలసిన కనకమహాలక్ష్మి అమ్మవారికి మార్గశిరమాసం ప్రీతికరం. గురువారాలలో ఆ వీధులు జనసంద్రమవుతాయి. కత్తిరించిన సుమారు ఆరువారాలకు గులాబి పూస్తుంది. కావున వానలు తెరిపి ఇచ్చాక, దీపావళికి ముందు కత్తెర పట్టాలి. ఎండిన కొమ్మలు, లోపలికి పెరిగి ఒకదానినొకటి ఒరుసుకొనే కొమ్మలు తీసివేయాలి. మిగిలినవాటిని బయటివైపు చూచే కన్నుకు పావు అంగుళం పైన, ఏటవాలుగా కోయాలి. కొననుండి నల్లబడుతూ దిగే కొమ్మను, కోతలో తెల్లని సజీవమైన దూట కనిపించేంతవరకు తొలగించాలి. కొంచెం నలుపు మిగిల్చినా అది కిందికి దిగుతూనే ఉంటుంది.

మూడవది పిలకల విషయం. అంటుగులాబి ఒకే మొక్కవలె కనిపించే రెండు మొక్కలు. కింద మొండి జాతి వేరు, పైన మనం కోరిన పువ్వు. అతుకు కిందినుండి లేచే పిలక వేరుజాతిది. వేగంగా, నిటారుగా, నవనవలాడుతూ పెరిగి పైదాని ఆహారాన్ని హరిస్తుంది. దానిని పుట్టినచోటికి మట్టి తవ్వి పెకలించాలి. ఇంతవరకు శాస్త్రం స్పష్టం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరాన్ని తాకినప్పుడు కొండలమీది చెట్లు సైతం ఆకులు కోల్పోయి గోధుమవర్ణానికి తిరిగాయి. మా మేడపై ఒక కుండీలో అంటుకొమ్మ పూర్తిగా చచ్చింది. కొన్ని వారాలకు అతుకు కిందినుండి పిలక వచ్చింది. అది గులాబి కాదు, వేరుజాతి అని చెప్పాను. మా ఇంటావిడ, “ఇంత గాలికి బ్రతికి వచ్చింది, దాన్నేమీ చేయకండి,” అన్నది. అది నేటికీ ఉన్నది. పూలు అరుదు, పచ్చదనం అధికం. తక్కిన 11 కుండీలలో దోషమైన పిలక అక్కడ ప్రాణావశేషం. దోషమనేది పిలక స్వరూపంలో లేదని, మన ప్రయోజనాపేక్షలో ఉన్నదని ఆ కుండీ బోధిస్తున్నది. దోషాపనయనం చేసేవారు ‘ఎవరి దృష్టిలో దోషం?’ అని ఒకసారి ప్రశ్నించుకోవడం ధర్మం.

పురుగుల విషయంలోనూ ఈ ప్రశ్న తప్పదు. పేనుబంకను మొదట నీటిధారతో జారవిడవచ్చు. తగ్గకుంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి ఎండ వాలాక చల్లాలి. హింస ఇందులో లేదని అనలేము. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ అనే పంచసూనలు గృహస్థుకు అనివార్యమని ధర్మశాస్త్రం అంగీకరించింది. ఆ కారణంగానే పంచమహాయజ్ఞాలను విధించింది. తోటకత్తెర ఆ జాబితాకు ఆరవది అనుకొంటాను. అవసరమైనంతకు మించి చంపకుండటం, పూచినదానిని ఒంటరిగా అనుభవించకుండటం అందుకు ప్రతిక్రియ.

ఇప్పుడు భాష్యం వద్దకు వద్దాం. రుద్దిన అద్దంలో తళుకు వెలువడినట్లు, కర్మచేత శుద్ధి పొందిన ఆత్మలో దాని ధర్మమైన మోక్షం వ్యక్తమవుతుంది కదా అని అక్కడ ఒక పూర్వపక్షం వస్తుంది. ఆత్మ క్రియకు ఆశ్రయం కాదు గనుక అది కుదరదని ఆచార్యులు తోసిపుచ్చారు. ధూళి అంటేది ఆకుకు, ఆకాశానికి కాదు. కనుక గులాబిని ఉపమానంగా చేసుకొని ‘ఆత్మను కడుగుతున్నాను’ అనుకోవడం అసంగతం. కడుగబడేది ఆకు, దానితోపాటు, అదృష్టముంటే, కడిగేవాని చిత్తం. చిత్తశుద్ధికే కర్మ, అంతకు మించి దానిపై భారం మోపరాదు.

అయితే ఈ సిద్ధాంతాన్ని అడ్డుపెట్టుకొని లోకం నుండి తప్పుకోవడం సులభం. ఒక శీతకాలపు ఉదయం నేను తడిగుడ్డతో ఆకులు తుడుస్తుంటే, ఉబ్బసంతో బడి మానిన మా మనుమరాలు పక్కన కూర్చొని చూస్తున్నది. గుడ్డ నల్లబడింది. “తాతయ్యా, ఇది మన లోపలికి కూడా వెళ్తుందా?” అని అడిగింది. వెళ్తుందన్నాను. “మరి లోపల ఎవరు తుడుస్తారు?” అన్నది. ఆరేళ్ళ బాలిక ప్రశ్నకు ‘ఆత్మకు ధూళి అంటదు’ అన్నది సమాధానం కాదు. ఊపిరితిత్తి ఆత్మ కాదు; అది శరీరం, సంస్కార్యం, రక్షణీయం. ఆకును నేను కడగగలను, ఊపిరితిత్తిని కడగలేను. అక్కడ దోషాపనయనం మూలంలోనే జరగాలి. గుట్టలను కప్పడం, వాటిపై నీరు చల్లడం, మూసిన మార్గాలలో సరుకు తరలించడం, వీధులను తడిపి ఊడ్చడం, చెట్లవరుసలు పెంచడం, గాలి కొలతలను ప్రజలకు ఎప్పటికప్పుడు తెలియజేయడం వంటి పనులు ఒక ఇంటివల్ల అయ్యేవి కావు. గీత లోకసంగ్రహమన్న మాటకు ఇటువంటి చోటనే అర్థం. వార్డు సమావేశానికి వెళ్ళి అడగడం, అర్జీపై సంతకం చేయడం సంధ్యావందనానికి విరుద్ధం కాదు. అప్పటినుండి నేను ఆ సమావేశాలకు వెళ్తున్నాను.

భగవంతుడు భక్తితో సమర్పించినదేదైనా స్వీకరిస్తానని గీత తొమ్మిదవ అధ్యాయంలో చెప్పినప్పుడు, ఆ పదార్థాల వరుసలో పత్రం ముందు, పుష్పం తరువాత, చివర నీరు. తోటపనిలోనూ క్రమం అదే. ఆకు ఆరోగ్యంగా ఉంటే పువ్వు తనంత తాను వస్తుంది. నీరు ఆ రెంటికీ సేవ. గులాబి కొనదలచినవారికి నా విన్నపం ఇంతే. పూలు లెక్కపెట్టక ఆకు అడుగు తిప్పి చూడండి. ఎరువు కొనక ముందు ఒక మంచి కత్తెర కొనండి. ఉదయం ఆకులు తుడిచినప్పుడు గుడ్డకు ఎంత నలుపు అంటిందో చూడండి. ఆ నలుపు మీ ఇంటివారందరూ ఆ రోజు పీల్చిన గాలిని గురించి కూడా చెబుతుంది.