శనివారం సభ

2024 జూలై 6, శనివారం

మా బడిలో ఈ ఏటి బాలల మంత్రివర్గం ఏర్పడింది. చాక్‌పీసుల డబ్బాలో చీటీలు వేశారు, లెక్కపెట్టారు, చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నానికల్లా నీళ్ల మంత్రి బిందె మోస్తున్నాడు, పారిశుద్ధ్య మంత్రి చీపురు పట్టుకుంది, క్రమశిక్షణ మంత్రి మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తున్నాడు. ఒక్క మంత్రికీ నిర్ణయించడానికి ఏమీ లేదు. పనులు పంచడానికి ఇంత ఎన్నిక దేనికో! క్రమశిక్షణ శాఖ అయితే మరీ అన్యాయం. పోలీసు పనిని పదేళ్ల పిల్లవాడి నెత్తిన పెట్టడమే అది.

జూలై 9

రాత్రి యానుష్ కోర్చాక్ గురించి చదువుతూ కూర్చున్నాను. వృత్తికి పిల్లల డాక్టరు. 1912 నుంచి వార్సాలో యూదు అనాథ పిల్లల ఇంటిని నడిపాడు. అక్కడ తగవులు తీర్చేది పిల్లల కోర్టు. ఆ వారం తమ మీద ఫిర్యాదు లేని పిల్లల్లోంచి చీటీలు తీసి ఐదుగురిని జడ్జీలుగా కూర్చోబెట్టేవారు. వాళ్ల శిక్షాస్మృతి చూస్తే ముచ్చటేసింది. మొదటి 99 సెక్షన్లూ వదిలేయడానికీ క్షమించడానికే. ఆపైన వందల లెక్కన పెరుగుతూ పోయి, 1000వ సెక్షనుకు గానీ ఇంటి నుంచి పంపేయడం రాదు. ఆరు నెలల్లో ఐదుసార్లు ఆయన తన మీద తానే ఆ కోర్టులో ఫిర్యాదు ఇచ్చుకున్నాడట. ఒక అబ్బాయిని కొట్టినందుకు ఒకటి, ఒక అమ్మాయిని దొంగతనం చేశావని అనుమానించినందుకు ఒకటి.

1942 ఆగస్టులో నాజీలు ఆ పిల్లల్ని ట్రెబ్లింకాకు తరలిస్తుంటే వాళ్లను వదలకుండా వెంటే వెళ్లాడు. ఆయన పేరెత్తితే అందరూ ఆ చివరి నడకే చెబుతారు. టీచర్లకు ముందుగా తెలియాల్సింది ఆ కోర్టు.

జూలై 20, శనివారం

నిర్ణయాలు పిల్లలతో కలిసి తీసుకోవడానికి ఆఖరి పీరియడ్‌లో మొదటి సభ. విషయం: బడికి ఉన్న ఒకే ఒక్క ఫుట్‌బాల్. అది ఎప్పుడూ అయిదో తరగతి మగపిల్లల చేతిలోనే ఉంటుంది. నేను ముందే ఆలోచించి పెట్టుకున్నాను: రోజుకో తరగతికి. లెక్కకు చక్కగా ఉంటుంది కదా.

మూడో తరగతి పిల్ల లేచింది. "ఒకటో తరగతోళ్లకు బాలు ఎందుకు సార్? వాళ్లు తన్నలేరు. వాళ్లకు తాడు కొనియ్యండి."

నా పద్ధతికి నాది కాక రెండే చేతులు లేచాయి, ఆ రెండూ మొహమాటానికి. చివరికి తీర్మానమైంది: వారంలో రెండు రోజులు ఆడపిల్లలకు, మిగతా రోజులు కలగలిపిన జట్లు, చిన్న తరగతివాళ్లు కెప్టెన్లు. తాళ్లు నేను కొనాలి. ఈ ఆఖరి ముక్కకు మాత్రం అందరి చేతులూ లేచాయి.

హెచ్ఎం మేడమ్ వరండాలో ఆపారు. "ఇట్లా అన్నీ వాళ్లనే అడిగితే రేపు మన మాట ఎవురు వింటారు సార్?"

"అడక్కపోతే మాత్రం వింటున్నారా మేడమ్?"

నవ్వారు గానీ ఒప్పుకోలేదు.

జూలై 24

పిల్లల సభలు, ఓట్లు, ఇదంతా ఫీజులు కట్టే పిల్లలకు సరిపోతుంది, మనకెక్కడ కుదురుతుందని తోటి ఉపాధ్యాయుడొకాయన. ఈ మదనపల్లె పక్కన ఉండి ఆ మాట అనడమే నాకు వింత. సరిహద్దు దాటితే కోలారు జిల్లా. అక్కడి నీల్‌బాగ్‌లో 1972లో డేవిడ్ హార్స్‌బరో పల్లె పిల్లలకు బడి పెట్టాడు. ఫీజు లేదు, పరీక్ష లేదు, దండన లేదు. అన్ని వయసుల వాళ్లూ కలిసే కూర్చునేవారు. ఇక మన రిషివ్యాలీ చుట్టుపక్కల ఒంటి గది పల్లె బడులు: బొమ్మ గుర్తుల నిచ్చెన చూసుకుని, తన తర్వాతి కార్డు ఏదో పిల్లే వెతికి తెచ్చుకుంటుంది. పాటలూ తోలుబొమ్మలూ ఊరి కథలూ పాఠంలో భాగమే. 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడులు తీసుకున్నది ఈ దారే. అవేమైనా డబ్బున్నవాళ్ల బడులా?

కార్డులతో నాకొక పేచీ ఉంది. పిల్ల తన వేగంతో నడుస్తుంది, నిజమే, కానీ నిచ్చెన కట్టింది పెద్దవాళ్లే. నడిచే వేగంతో పాటు దారి గురించీ పిల్లలు మాట్లాడగలగాలి.

జూలై 28, ఆదివారం

దారి గురించి కూడా పిల్లలే మాట్లాడేంత దూరం ఇంగ్లండులోని సమ్మర్‌హిల్ వెళ్లింది. 1921లో ఏ.ఎస్. నీల్ మొదలుపెట్టిన బడి. పాఠానికి రావడం పిల్లల ఇష్టం. సభలో చిన్నపిల్లకూ నీల్‌కూ ఒకే ఓటు. 1999లో ప్రభుత్వ తనిఖీ శాఖ పాఠాల సంగతి పట్టుకుని బడిని ఇరుకున పెట్టింది. మరుసటి ఏడాది లండన్‌లో విచారణ. రాజీ షరతులు రాగానే, ఒప్పుకోవాలా వద్దా అని పిల్లలు ఆ కోర్టు హాల్లోనే సభ పెట్టి ఓటేశారు. ఒప్పుకున్నారు. బడి ఇంకా నడుస్తోంది.

పాఠానికి రావడం కూడా మా పిల్లల ఇష్టానికే వదలనా? వదలను. ఇంట్లో అక్షరం చెప్పేవాళ్లు లేని పిల్లకు బడి మానే స్వేచ్ఛ ఇస్తే అది మోసం. నీల్‌తో నాకు ఇక్కడ కుదరదు.

ఆగస్టు 1

సభ డబ్బాలో కొత్త చీటీ. పేరు రాయలేదు, దస్తూరీ నాకు తెలుసు, ఇక్కడ రాయను. "క్లాసులో సార్లూ మేడమ్‌లూ ఫోను చూడకూడదు. చూస్తే ఏం చెయ్యాలో సభ చెప్పాలి." హెచ్ఎం మేడమ్‌కు చూపించాను. చాలాసేపు చదివి, "పెట్టండి, చూద్దాం" అన్నారు. ఎల్లుండి చర్చకు వస్తుంది. అధ్యక్షురాలు నాలుగో తరగతి పిల్ల. మేడమ్‌కు ఒక ఓటు, నాకు ఒక ఓటు.