ఒకే లెక్క, ఒక్కో గుండె

జనగామ నుంచి పాలకుర్తి, తొర్రూరు మీదుగా మహబూబాబాద్ వెళ్లే దారిలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల. చుట్టుపక్కల తండాల నుంచి వచ్చే పిల్లలే ఎక్కువ. నేను వెళ్లేసరికి పదో తరగతిలో రక్తప్రసరణ పాఠం నడుస్తోంది. 1816లో వైద్యుడు లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె చప్పుడు విన్న కథ అయిపోయింది. చొక్కా గుండీలకు గుచ్చిన అగ్గిపుల్లలు పిల్లల మణికట్ల మీద నాడి కొట్టుకున్నప్పుడల్లా సన్నగా ఊగుతున్నాయి.

టీచర్ ఈ నాడి ప్రయోగానికి మరో పని జోడించారు. ముందు ఊరికే కూర్చోబెట్టి నాడి లెక్కపెట్టించారు. ఆ తర్వాత 100 నుంచి ఏడేసి తీసేస్తూ పొమ్మన్నారు. ఒకరు మనసులో లెక్క చేస్తుంటే పక్కవాళ్లు నాడి పట్టుకోవాలి.

కిటికీ పక్క అమ్మాయి నాడిలో పెద్ద మార్పు లేదు. వెనక బెంచీ అబ్బాయిది రెండో తీసివేతకే పరుగందుకుంది. ఇద్దరూ తప్పు లేకుండా 2 దాకా వచ్చారు! మరో అమ్మాయి కూర్చున్నచోట నిదానంగా చేసింది కానీ, బోర్డు దగ్గరికి పిలవగానే ఆగిపోయింది.

"టీచర్, గుండె దడదడ కొట్టుకుంటుంది."

"ఏం కాదు బిడ్డా, కూసోని మెల్లగ చెయ్యి."

కూర్చుని పూర్తి చేసింది. జవాబు సరైనదే.

ఎందుకిలా? విశ్రాంతిలో వేగస్ నరం గుండెను పగ్గం వేసినట్టు పట్టి ఉంచుతుంది. బుర్రకు పని తగలగానే ఆ పట్టు సడలుతుంది, సింపథెటిక్ నరాలు వేగం పెంచుతాయి. ఏది ఎంత అన్నది పిల్లపిల్లకూ వేరు. పనిని బట్టి కూడా మారుతుంది. బయటి శబ్దాన్ని శ్రద్ధగా వింటే గుండె నెమ్మదిస్తుందనీ, లోలోపల లెక్క కడితే వేగం పెరుగుతుందనీ అమెరికాలో పరిశోధకులైన లేసీ దంపతులు 1960ల నాటికే చెప్పారు. కొత్తవాళ్ల ముందు బిగుసుకుపోయే పిల్లల్లో గుండె వేగం ఎక్కువగా ఉండటాన్ని మనస్తత్వవేత్త జెరోమ్ కాగన్ బృందం 1988లో వివరించింది.

అందుకే ఒకరి నాడిని ఇంకొకరితో పోల్చి తెలివిని తూచకూడదు. ఎవరి మార్పునైనా వాళ్ల విశ్రాంతి నాడితోనే పోల్చాలి. బోర్డు ముందు తడబడిన బిడ్డను చదవలేదనే ముందు, అదే లెక్క తన చోట కూర్చుని చేసుకోనివ్వాలి. దానికి పరికరమేమీ అక్కర్లేదు, టీచర్ దగ్గర కాస్త ఓపిక ఉంటే చాలు. ఆ ఓపిక మన ప్రతి బడిలోనూ ఉండాలి.