పట్టాభిషేకం తరువాత

ఆ సాయంత్రం వీచిన ఈదురుగాలికి ఎక్కడో తీగల మీద చెట్టు కూలినట్లుంది, ములకలపల్లి అంతా చీకటి. మా వసారాలో నులకమంచం మీద అమ్మ, ఆమె పక్కన మా అమ్మాయి, వారి ఎదుట స్టూలు మీద నీళ్ళచెంబుకు ఆనించి నిలబెట్టిన సెల్‌ఫోను. అందులో ఒక కొరియా కథ చివరి భాగం నడుస్తున్నది. నేను గడప మీద కూర్చుని విసనకర్ర ఊపుకుంటూ, ఫోనును గాక ఆ ఇద్దరి ముఖాలను చూస్తున్నాను. 2023 వేసవి నాటి మాట ఇది.

ఆ కథ పేరు 'మిస్టర్ సన్‌షైన్'. కొరియాలోని టీవీఎన్ అనే చానెల్‌లో 2018 జులై 7న మొదలై, సెప్టెంబరు 30న 24వ భాగంతో ముగిసింది. నెట్‌ఫ్లిక్స్ పుణ్యమా అని మన దేశానికీ వచ్చింది. 2020 లాక్‌డౌన్ రోజులలో మన పిల్లలకు కొరియా కథల రుచి తగిలింది కదా, మా అమ్మాయికీ అప్పుడే పట్టుకుంది ఆ పిచ్చి. సెలవులకు నాయనమ్మ దగ్గరకు వస్తూ భాగాలన్నీ ఫోనులో దింపుకుని మరీ వచ్చింది. రాత్రికొక భాగం. పాత్రల మాటలు కొరియా భాషలో, కింద అక్షరాలు ఇంగ్లీషులో. మా అమ్మకు రెండూ రావు. మనుమరాలు పక్కన కూర్చుని ఎప్పటికప్పుడు తెలుగులో చెబుతూ ఉండేది. హరికథకుడి వెనుక వంతపాటలాగా, ఆ గొంతు నాకు నిద్రలో కూడా వినిపించేది.

కథ తెలియని మిత్రుల కోసం నాలుగు ముక్కలు. 1871లో అమెరికా నౌకాదళం కొరియా మీదికి వచ్చిన కాలాన, బానిసల ఇంట పుట్టిన ఒక కుర్రవాడు తప్పించుకుని అమెరికా చేరుతాడు. పెరిగి అక్కడి సైన్యంలో అధికారియై, తన తల్లిదండ్రులను పొట్టనపెట్టుకున్న నేలకే తిరిగి వస్తాడు. అతని పేరు యూజీన్ చోయ్. అక్కడ ఒక పెద్దింటి బిడ్డ, గో ఏషిన్, పగలు పల్లకిలో తిరుగుతూ, రాత్రులు తుపాకి పట్టి దేశద్రోహులను వేటాడుతూ ఉంటుంది. జపాను కొరియాను కొద్దికొద్దిగా మింగుతున్న రోజులు. ఊళ్ళలోని వేటగాళ్ళు, రైతులు, కుమ్మరులు కలిసి చేతికందిన తుపాకులతో తిరగబడతారు. కొరియా చరిత్రలో వారిని ధర్మసేనలంటారు.

ఈ సంగతి మా అమ్మాయి ఎలా చెప్పాలా అని తడుముకుంటుంటే, అమ్మ మధ్యలోనే అందుకుంది: "మన పితూరోళ్ళ లెక్కనా?"

అంతకంటె ఇంకేమి వివరించాలి? 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకుపోయిన అల్లూరి సీతారామరాజు మనుషులు ఆమెకు చిన్ననాటి నుంచి విన్నవారు. 1974లో కృష్ణ సినిమా వచ్చినప్పుడు బండి కట్టించుకుని వెళ్ళి చూసివచ్చింది కూడా. గోదావరికి అటూ ఇటూ ఉన్న అడవి మనిషికి, తెల్లదొరల తుపాకితో తెల్లదొరలనే ఎదిరించిన వాళ్ళ కథ పరాయిది కాదు. ఆ రాత్రి నుంచి ఏషిన్ మా ఇంట్లో 'తుపాకి పిల్ల' అయింది, యూజీన్ 'సిపాయి బాబు' అయ్యాడు.

ఇక చివరి భాగం. రైలులో ఏషిన్‌ను జపాను సైనికులు చుట్టుముడతారు. యూజీన్ పెట్టెల మధ్య లంకెను తెంపి, ఆమె ఉన్న పెట్టెను ముందుకు సాగనంపి, తాను సైనికులతో పాటు వెనుక పెట్టెలో ఉండిపోతాడు. ఇద్దరి నడుమ దూరం పెరుగుతూ ఉంటుంది. తుపాకులు పేలుతాయి. ఆమె ఏడుపు మాత్రం చాలాసేపు వినిపిస్తుంది.

మా అమ్మాయి ఆ ముగింపును ముందే ఒకసారి చూసింది. నాకూ చెప్పింది. కాని ఆ రాత్రి ఆ ఘట్టం వచ్చేసరికి, గొంతు సవరించుకుని, "దూకేశాడు నాయనమ్మా! రైలు వంపు తిరిగే చోట కిందికి దూకేశాడు. తర్వాత ఎక్కడో కలుసుకుంటారట" అన్నది. కొసన ఒక పిల్లవాడు పెరిగి పెద్దవాడై సమాధి దగ్గరకు వస్తాడు. "అది ఎవరిదే?" అని అమ్మ అడిగింది. "వాళ్ళ గురువుగారిది" అన్నది పిల్ల, రెప్ప వేయకుండా.

అమ్మ తల ఊపింది. "మంచిదైంది బిడ్డా" అని చెప్పి, చెంబులోని నీళ్ళు తాగి పడుకుంది.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఆ అబద్ధం ఎందుకు పుట్టిందో నాకు తెలుసు. పది రోజుల క్రితం పట్నంలో అమ్మకు చేయించిన పరీక్షల రిపోర్టు నా సంచీ అడుగున ఉన్నది. దానిని మొదట చదివి, ఏమిటో తెలుసుకుని, నాకు చెప్పింది మా అమ్మాయే. అమ్మకు మేము చెప్పింది వేరు: కడుపులో పుండు, మందులు వాడితే తగ్గిపోతుంది.

పడుకుని వాసాలు చూస్తుంటే మరొక చివరి భాగం గుర్తుకొచ్చింది. 1988 జులై 31, ఆదివారం. రామానంద్ సాగర్ 'రామాయణ్' ముగిసిన రోజు.

1987 జనవరి 25న మొదలైన ఆ ధారావాహికను 52 భాగాలని అనుకున్నారు, పొడిగించగా 78 అయింది. మా ఊళ్ళో టీవీ ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకల్లా వాకిలి ఊడ్చి, తలంట్లు పోసుకుని, మా వీధి వీధంతా ఒక మాస్టారి ఇంటికి చేరేది. మాటలు హిందీ. మాస్టారు కుర్చీలో కూర్చుని తెలుగులో చెబుతూండేవారు. (అమ్మకు భాష రాని కథను పక్కనుంచి మరొకరు చెప్పడం కొత్తేమీ కాదన్నమాట.) బొమ్మ సగంసేపు చుక్కలు చుక్కలుగా వచ్చేది; ఒకరు గోడవారన నిలబడి యాంటెన్నా గొట్టం తిప్పుతూ, "వచ్చిందా?" అని కేక వేసేవారు.

ఆ రోజు పట్టాభిషేకం. టీవీ పెట్టె మీద పసుపు కుంకుమ, ముందర కొబ్బరికాయ, హారతి. అందరి కళ్ళలోనూ నీళ్ళే. అంతా లేచి కదులుతుంటే అమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడి, "మరి సీతమ్మ సంగతేంది మాస్టారూ? అడివికి పంపింది సూపరా?" అని అడిగింది. "శుభంగా ముగించారమ్మా, ఇక్కడితో సరి" అన్నారాయన. ఇంటికి వచ్చే దారిలో ఆమె నాతో అన్నమాట ఇది: "సూపకపోతే జరగకుంట పోయిందా?" నాకప్పుడు పదకొండేళ్ళు. ఆమెకు కోపం ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు.

అలా అడిగినది మా అమ్మ ఒక్కతే కాదని చాలా ఏళ్ళ తరువాత చదివాను. ఆ సంవత్సరమే పంజాబులోని జలంధర్‌లో పారిశుద్ధ్య కార్మికులు ఉత్తర రామాయణం చూపాలని సమ్మెకు దిగారు. అది ఉత్తరాదిలోని ఇతర పట్టణాలకూ పాకింది. వాల్మీకిని తమ గురువుగా, దైవంగా కొలిచేవారు వాళ్ళు. సీతను ఆదరించి, కుశలవులను పెంచి, వాల్మీకి స్వయంగా కథలోకి నడిచివచ్చేది ఉత్తరకాండలోనే కదా! సరిగ్గా అక్కడికి ముందే తెర దించితే వాళ్ళు ఊరుకుంటారా? చివరకు ప్రభుత్వం దిగివచ్చింది. 'ఉత్తర్ రామాయణ్' 1988 చివర్లో మొదలై 1989లో పూర్తయింది. ఒక ధారావాహిక ముగింపు నచ్చక జనం కన్నీరు పెట్టుకోవడం మామూలే. దుఃఖాంతం కావాలని చీపుర్లు కింద పెట్టి అడగడం అరుదు.

కాని మాస్టారు చెప్పినదీ తోసివేయదగినది కాదు. మాకు దగ్గరి పుణ్యక్షేత్రం భద్రాచలం. అక్కడ ఏటా నవమినాడు కల్యాణం, దశమినాడు పట్టాభిషేకం. ఆపైన కథకు ఉత్సవం లేదు. సీతాపహరణం జరిగిన చోటని జనం నమ్మే పర్ణశాల కూడా ఆ దగ్గరలోనే ఉన్నది. కష్టం అక్కడిదాకా ఒప్పుకుంటాము గాని, రాముడే పెట్టిన కష్టాన్ని ఉత్సవంగా చేయలేము. తిక్కనంతటివాడు నిర్వచనోత్తర రామాయణాన్ని రామనిర్యాణం చెప్పకుండా విడిచిపెట్టాడు. ఆ భాగాన్ని తరువాత జయంతి రామభట్టు పూరించవలసి వచ్చింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే భవభూతి తన ఉత్తరరామచరితంలో ముగింపునే మార్చివేసి, సీతారాములను కలిపి పంపాడు. తెలిసి చెప్పకుండా ఆగడం ఒక పద్ధతి, తెలిసి మార్చి చెప్పడం మరొక పద్ధతి. మా అమ్మాయి ఆ రాత్రి చేసినది రెండవది. నేను పది రోజులుగా చేస్తున్నది మొదటిది.

మరొకవైపు, 1963లో వచ్చిన 'లవకుశ'లో సీత భూమిలోకి వెళ్ళిపోతుంటే చూడటానికి పల్లెపల్లెల నుంచి జనం బండ్లు కట్టుకుని వెళ్ళారు. వెళ్ళినవారిలో కథ తెలియనివారెవరు? దంపుళ్ళ దగ్గర, పురిటి గదుల దగ్గర మన ఆడవాళ్ళు పాడుకున్న రామాయణపు పాటలలో ఊర్మిళాదేవి నిద్ర ఉన్నది, కుశలవుల యుద్ధమున్నది. పురుషులు ఆపిన చోట వాళ్ళు ఆపలేదు.

నడిరాత్రి దాటాక అమ్మ మంచినీళ్ళడిగింది. చెంబు అందించాను. తాగి, పక్కన నిద్రపోతున్న మనుమరాలి వంక చూసి, గొంతు తగ్గించి అన్నది:

"ఆ సిపాయి బాబు సచ్చిపోయిండు గదరా?"

నేను మాట్లాడలేదు.

"నాకు వాళ్ళ బాస రాదు గాని, మొకాలు సూడటం రాదా? దూకి బతికినోడి కోసం ఆ పిల్ల గట్ల ఏడుస్తదా? పాపం, ఇది నా కోసమని కథ మార్చింది. మార్చనీ. దానికి నేను తెలుసుకున్నట్టు చెప్పకు."

కాసేపు ఆగి మళ్ళీ అన్నది: "నీ మొకం గూడ పదిరోజుల సంది సూస్తున్న నాయనా."

చెప్పాను. పెద్దగా మాటలు పట్టలేదు. రిపోర్టులో ఉన్న ముక్క, డాక్టరు చెప్పిన గడువు. ఆమె ఏడవలేదు, నేనే ఏడ్చాను. తెల్లవారిన తరువాత ఆమె కోరినవి మూడు. మళ్ళీ పట్నం ఆసుపత్రిలో పడుకోబెట్టవద్దు. చెల్లెలికి ఇస్తానన్న చెలక కాగితాలు తాను ఉండగానే పూర్తి చేయాలి. వీలైతే, భద్రాచలంలో ఒకసారి పట్టాభిషేకం చూడాలి. కల్యాణం ఎన్నిసార్లో చూసిందట. మరునాడు ఆగడానికి ఇంటి పనులు ఎన్నడూ సాగనివ్వలేదట.

నేను ఇంకా నోరు మూసుకునే ఉంటే ఈ మూడింటిలో ఒక్కటీ జరిగేది కాదు. ముగింపు దాచడం ప్రేమ అనుకున్నాను. దాచినంతకాలం ఆమెకు మిగిలిన రోజులను ఆమె చేతికి ఇవ్వకుండా నా సంచీలో పెట్టుకున్నానని ఇప్పుడు అనిపిస్తుంది.

చారిత్రక కథల విషయం ఆలోచించినా ఇదే తోస్తుంది. 1910లో జపాను కొరియాను కలుపుకుంది. ఆ దేశంలో బడికి వెళ్ళిన ప్రతి పిల్లవాడికీ తెలిసిన సంగతి. ఏషిన్, యూజీన్ గెలవరని మొదటి భాగం నాడే ప్రేక్షకులకు తెలుసు. అయినా ఆ చివరి రాత్రి అందరూ ఏడ్చారు. 1907లో మెకెంజీ అనే పాత్రికేయుడు అక్కడి కొండలలోకి వెళ్ళి ధర్మసేన మనుషులకు ఒక ఫోటో తీశాడు. రకరకాల తుపాకులు పట్టుకున్న పది పన్నెండుమంది, వారిలో కొందరు పసివాళ్ళు. కథ చివరలో ఆ ఫోటోను మళ్ళీ బొమ్మ కట్టి చూపించారు. వాళ్ళకు తమ ముగింపు తెలుసు. తెలిసే వరుసగా నిలబడ్డారు. మా అమ్మ ఆ ఘట్టంలో, "వీళ్ళ పేర్లు ఎవరన్న రాసిపెట్టిన్రా?" అని అడిగింది. మా అమ్మాయి దగ్గర దానికి జవాబు లేదు.

2024 ఏప్రిల్ 18న అమ్మను భద్రాచలం తీసుకుని వెళ్ళాము. చక్రాల కుర్చీలో, నెత్తిన తడిగుడ్డతో, ఎండలో కూర్చుని పట్టాభిషేకం చివరిదాకా చూసింది. తిరిగి వస్తూ పాల్వంచ దాటాక నిద్రపోయింది. ఆ వానకాలంలో, మా ఇంట్లో, తన మంచం మీదనే వెళ్ళిపోయింది. చెలక కాగితాలు చెల్లెలి పేర అయి అప్పటికి ఆరునెలలు.

సిపాయి బాబు సంగతి అమ్మకు తెలిసిపోయిందని మా అమ్మాయికి నేను ఇంతవరకూ చెప్పలేదు. నాయనమ్మను ఒప్పించగలిగానని ఆమె సంతోషం. అప్పుడప్పుడూ ఇక్కడికి వచ్చి నా రాతలు చదువుతూ ఉంటుంది. ఇది కూడా చదువుతుంది.

అమ్మలూ, ఆ రాత్రి నువ్వు చెప్పిన ముగింపు నాయనమ్మకు నచ్చింది. నిజమైనది కూడా ఆమెకు తెలుసు.