ఎవరికి వేశావని అడగొద్దు

సూరత్ రాకముందే నేను ఓటు భయాన్ని చూశాను. మాది సిరిసిల్ల దగ్గరి పల్లె. బ్యాలెట్ కాగితాల కాలంలో, పోలింగ్‌కు ముందురోజు రాత్రి, ఊరి పెద్దమనుషులు వాడవాడా తిరిగి ఒకటే మాట చెప్పేవారు. "ఓటు కాయిదం మీద నంబరుంటది. ఎవలు ఎవలకేసిండ్రో తెల్లారెటాల్లకు తెలుస్తది."

ఆ మాటలో సగం నిజం ఉంది. అందుకే అది అంతగా నాటుకుంది. బ్యాలెట్ కాగితానికి వరుస సంఖ్య ఉండేది. అదే సంఖ్య కౌంటర్‌ఫాయిల్ మీదా ఉండేది. ఓటరు జాబితాలోని మన నంబరును ఆ కౌంటర్‌ఫాయిల్ మీద రాసేవారు. అయితే కౌంటర్‌ఫాయిళ్లను సీలు వేసి దాస్తారనీ, కోర్టు ఆజ్ఞ లేనిదే వాటిని విప్పకూడదని 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లోనే ఉందనీ మాకు చెప్పినవాళ్లు లేరు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బతికిన మా బాపు తెర వెనక ఒక్కడే నిలబడ్డా, ముద్ర ఎత్తగానే పెద్దాయన కండ్లు వీపుకు తగిలినట్టుండేదని చాలా ఏండ్ల తర్వాత నాతో అన్నాడు. ఆ రోజుల్లో తనకు నచ్చిన గుర్తు మీద ఏనాడూ ముద్ర వేయలేదట.

ఊళ్లో పని పల్చబడ్డాక వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సూరత్ చేరాను. ఉధ్నా, సచిన్ స్టేషన్ల నడుమ ఉంటుంది భేస్తాన్. పక్కనే పాండేసరా అద్దకం మిల్లులు, చుట్టూ ఖాతాలనే మరమగ్గాల షెడ్లు. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి వచ్చిన పద్మశాలీలు, ఒడిశా గంజాం వాళ్లు, ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్రల వాళ్లు ఒకే షెడ్డులో పన్నెండు గంటల పాళీ చేస్తారు. మీటరు లెక్కన కూలి. నేను గుజరాతీ చదవడం, రాయడం నేర్చుకుని కొంతకాలానికి ఖాతాలో మెహతాజీనయ్యాను. లెక్కలు రాసేవాడి దగ్గరికి అందరి కాగితాలూ వస్తాయి. రేషన్ కార్డు, బడి దాఖలా, ఓటరు జాబితాలో పేరు చేర్చే ఫారం 6, అన్నీ నా బల్ల మీదికే వచ్చేవి.

అప్పుడే వలస కార్మికుడి ఓటుకు ఉన్న అసలు చిక్కు అర్థమైంది. చాలామందికి ఊళ్లో ఓటు ఉంది. ఇక్కడా రాయించుకుందామంటారు. ఒక మనిషి పేరు రెండుచోట్ల ఉండకూడదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17, 18 సెక్షన్లు చెబుతున్నాయి. తప్పుడు ప్రకటన ఇస్తే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. తెలియక రెండుచోట్లా పేరున్న వాళ్లను కూలీల మేస్త్రీ అయిన ముకాదం ఒకడు గుప్పిట్లో పెట్టుకోవడం నేను చూశాను. కార్డుల జిరాక్సులు పోగుచేసి, "చెప్పినట్టు వెయ్యకపోతే రెండు ఓట్ల సంగతి బయటపెడతా" అనేవాడు. అలాంటివాళ్లను కూర్చోబెట్టి ఏదో ఒక చోట పేరు తీయించేందుకు ఫారం 7 నింపించాను. ఊరి పేరు తీయిస్తుంటే కొందరు కండ్లనీళ్లు పెట్టుకున్నారు. ఊళ్లో ఓటు పోతే ఊరే పోయినట్టని వాళ్ల బాధ. కానీ పేరు ఒక్కచోటే ఉన్న మనిషిని ముకాదం బెదిరించలేకపోయాడు.

2014, 15 నాటికి ఇంకో భయం మొదలైంది. స్థానిక ఎన్నికల్లో ఓటు వేయడం తప్పనిసరి చేస్తూ గుజరాత్ శాసనసభ 2009లో ఆమోదించిన బిల్లుకు 2014 నవంబరులో గవర్నర్ సంతకం పడింది. వేయకపోతే వంద రూపాయల జరిమానా అన్నారు. ఒక పాళీ మానుకుంటే కూలి పోతుంది, మానకపోతే జరిమానా. 2015 ఆగస్టులో గుజరాత్ హైకోర్టు దాన్ని నిలిపివేసేదాకా మా గల్లీలో అదే చర్చ. లోక్‌సభ, శాసనసభ పోలింగ్ రోజు ఓటున్న కార్మికుడికి కూలి కోత లేకుండా సెలవివ్వాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ అంటుంది. దినకూలికీ అది వర్తిస్తుంది. ఆ సెక్షన్‌ను గుజరాతీలో రాసి ఖాతా గోడకు అంటించాను. సేట్ చదివాడు. తీసెయ్యలేదు. కార్మికుణ్ణి జరిమానాతో బూత్‌కు తోలడం కంటే ఆ సెలవు దక్కేలా చూడడమే ప్రభుత్వాల పని అని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

2017 డిసెంబరు 9న సూరత్‌లో శాసనసభ పోలింగ్. గుజరాత్‌లో ప్రతి బూత్‌లోనూ వీవీప్యాట్ పెట్టిన ఎన్నిక అది. మీట నొక్కితే పక్క డబ్బాలో చీటీ అచ్చవుతుందన్న వార్త రాగానే పుకారు పుట్టింది. ఆ చీటీ సాయంత్రానికి సేట్ చేతికి వస్తుందని ఎవరో చెప్పారు. ఒకరిద్దరు ముకాదాలు దాన్ని కావాలనే పెంచారు. వాడలోని ఆడవాళ్లు నా గడపలోకి వచ్చి కూర్చున్నారు.

"తమ్మీ, గా చీటీల మన పేరొస్తదా?" అని ఒక వదిన అడిగింది. ఆమె పెనిమిటి ముకాదం దగ్గర అప్పున్నాడు.

బట్ట తాకాల బిల్లు వెనక యంత్రం బొమ్మ గీసి చూపించాను. చీటీ మీద అభ్యర్థి వరుస నంబరు, పేరు, గుర్తు మాత్రమే ఉంటాయి. అద్దం వెనక ఏడు సెకన్లు కనిపిస్తుంది. తర్వాత తెగి సీలు వేసిన డబ్బాలో, అంతకుముందు పడ్డ చీటీల్లో కలిసిపోతుంది. మన చేతికీ రాదు, ఇంకొకరి చేతికీ పోదు. మనం సంతకమో వేలిముద్రో పెట్టే రిజిస్టరులో ఓటు వేయడానికి వచ్చామనే ఉంటుంది తప్ప ఎవరికి వేశామో ఉండదు. రహస్యాన్ని బయటపెట్టిన పోలింగ్ ఉద్యోగికీ, ఏజెంటుకూ 1951 చట్టం 128వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు. నువ్వు ఎవరికి వేశావో చెప్పమని కోర్టులో సాక్షిని కూడా అడగరాదని 94వ సెక్షన్. ఇవన్నీ చెబితే, "కోర్టే అడగొద్దంటే ముకాదం ఎవడు అడగనీకె?" అని ఒక ముసలమ్మ లేచి నిలబడింది.

పోలింగ్ రోజు మధ్యాహ్నం ఆ వదిన నా దగ్గరికి వచ్చి సిరా గుర్తున్న వేలు చూపించింది. "చీటీ చూసిన తమ్మీ. నా పేరు లేదు" అంది. అంతకుమించి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఊళ్లో ఓటు ఉంచుకున్నవాళ్ల కథ వేరు. 2018 డిసెంబరు 7న, 2023 నవంబరు 30న తెలంగాణ శాసనసభ ఎన్నికలు. పోలింగ్ దగ్గరపడేసరికి ఊరి నుంచి ఫోన్లు మొదలవుతాయి. బస్సు సీటు ఉచితం అంటారు. ఓటర్లను బూత్‌కు ఉచితంగా తరలించేందుకు అభ్యర్థి గానీ ఏజెంటు గానీ బండి కిరాయికి మాట్లాడడం 1951 చట్టం 123(5) సెక్షన్ కింద అవినీతి చర్య. ఆ సంగతి బస్సు ఎక్కేవాళ్లలో ఎందరికి తెలుసు? వాళ్లకు కనిపించేది దసరా తర్వాత మళ్లీ ఇంటివాళ్లను చూసే అవకాశం. 2021 అక్టోబరు 30 నాటి హుజూరాబాద్ ఉప ఎన్నిక ముందు, తమకు డబ్బు అందలేదని ఓటర్లే రోడ్డెక్కడం టీవీలో చూశాం. డబ్బు అంత బాహాటమైపోయింది. డబ్బు ఇచ్చిన చేతికి రహస్య బ్యాలెట్ అంటే అపనమ్మకం. అందుకని దేవుడి పటం మీద ఒట్టు వేయిస్తారు. బూత్‌లోకి ఫోను పట్టుకెళ్లి ఫొటో తీసుకురమ్మనేవాళ్లూ ఉన్నారు.

అలా ఒట్టు వేసిన ఒక పెద్దాయన ఊరి నుంచి నాకు ఫోన్ చేశాడు. మా ఖాతాలో ఏండ్ల తరబడి నూలు భీములు మోసిన మనిషి.

"కొడుకా, పటం మీద చెయ్యి పెట్టిచ్చిండ్రు. నా మనసు ఇంకోతీరుగున్నది. ఎట్ల జెయ్యాలె?"

డబ్బు తీసుకోవడం కూడా నేరమేనన్న మాట ఆయనకు దాచలేదు. ఇచ్చింది తిరిగి ఇచ్చెయ్యమన్నాను. మాట తప్పితే దేవుడి కోపం తగులుతుందని బెదిరించడాన్ని చట్టం అక్రమ ప్రభావం అంటుందని, 123(2)లో అది రాసి ఉందని చెప్పాను. "నీ దేవునికి నీ మనసు తెలుసు కాకా, వాళ్లకు తెలియాల్సిన పనిలేదు" అన్నాను. ఆయన అవతల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే బిడ్డా" అని ఫోన్ పెట్టేశాడు.

భయం మనిషిని వదిలినా గల్లీని వదలదని 2022లో తెలిసింది. డిసెంబరు 1న సూరత్‌లో పోలింగ్ జరిగింది, 8న లెక్కింపు. కొన్నాళ్లకు ఒక కార్యకర్త కాగితం పట్టుకుని మా గల్లీకి వచ్చాడు. మా బూత్‌లో ఏ పార్టీకి ఎన్ని పడ్డాయో అందులో ఉంది. "ఇంత చేస్తే మీరిచ్చింది ఇదా? ఇక డ్రైనేజీ కోసం మా దగ్గరికి రాకండి" అన్నాడు. ఒక్కొక్కరి ఓటు అతనికి తెలియదు. కానీ వెయ్యి మంది గల్లీ ఎటు మొగ్గిందో తెలుసు. మాలాంటి వలస వాడకు అది చాలు. నీళ్లు, దీపాలు, మురికికాల్వలు ఎవరి చేతుల్లో ఉన్నాయో వాళ్లకు భయపడేందుకు పేరు బయటపడక్కర్లేదు.

ఈ లోపానికి మందు ఉంది. కాగితం బ్యాలెట్ల రోజుల్లో, బెదిరింపు భయం ఉన్నచోట పలు బూత్‌ల ఓట్లను కలిపి లెక్కించేందుకు 59ఏ నియమం ఉండేది. యంత్రాలు వచ్చాక ఏ బూత్ లెక్క ఆ బూత్‌దే అయింది. ఫారం 20లో ఆ లెక్క అందరికీ దొరుకుతుంది. పలు బూత్‌ల యంత్రాలను కలిపి మొత్తాన్ని మాత్రమే చూపే టోటలైజర్ వాడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ 255వ నివేదికలో అదే సిఫారసు చేసింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. బూత్ లెక్క తెలిస్తే అక్కడ ఎక్కువ పని చేయవచ్చన్నది ప్రభుత్వ వాదన. ఆ కాగితం పట్టుకుని మా గల్లీలో నిలబడ్డ మనిషిని చూశాక ఆ వాదన నాకు ఎక్కదు.

ఆ తర్వాత 2024 వచ్చింది. సూరత్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి నిలేశ్ కుంభానీ ప్రతిపాదకులు ఆ సంతకాలు తమవి కావన్నారు. ఏప్రిల్ 21న ఆయన నామినేషన్ తిరస్కరణకు గురైంది. మరునాడు మిగిలిన అభ్యర్థులంతా పోటీ నుంచి తప్పుకునేసరికి, బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఎన్నికైనట్టు ప్రకటించారు. భేస్తాన్ సూరత్ నగరంలోనిదే అయినా పార్లమెంటుకు నవ్‌సారి కింద ఉంటుంది. మే 7న మాకు పోలింగ్ జరిగింది. కతార్‌గామ్‌లో ఉండే మా మేనకోడలికి జరగలేదు. ఆమెకు అదే మొదటి ఓటు కావాల్సింది. కొత్త కార్డు పట్టుకుని మా ఇంటికి వచ్చి, "మామా, నోటా అన్నా ఉండాలె కదా?" అని అడిగింది.

నాకు తెలిసింది చెప్పాను. ఎవరినీ ఇష్టపడనివాళ్లు ఆ మాట రహస్యంగానే చెప్పగలగాలని సుప్రీంకోర్టు 2013 సెప్టెంబరు 27న పీయూసీఎల్ కేసులో అన్నది. అంతకుముందు 49-ఓ నియమం కింద ఓటు వద్దంటే అధికారి ముందు చెప్పి సంతకం పెట్టాలి, బూత్‌లో ఉన్నవాళ్లందరికీ తెలిసిపోయేది. ఆ తీర్పుతో నోటా మీట వచ్చింది. కానీ 1951 చట్టం 53(2) ప్రకారం బరిలో ఒక్కరే మిగిలితే పోలింగే ఉండదు. పోలింగే లేనప్పుడు నోటా మీట ఎక్కడిది? నవ్‌సారిలో సి.ఆర్. పాటిల్ ఏడు లక్షల డెబ్భై వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. అంత పెద్ద గెలుపులోనూ వ్యతిరేకంగా వేసినవాడి ఓటు లెక్కకొచ్చింది, వాడి పేరు బయటికి రాలేదు. సూరత్ ఓటర్లకు ఆ పాటి గౌరవమూ దక్కలేదు.

పోలింగ్ లేని ఎన్నిక పట్నం సంగతి మాత్రమే కాదు. గుజరాత్‌లో ఎన్నిక లేకుండా పంచాయతీని ఎంచుకున్న ఊళ్లకు సమ్‌రస్ పథకం కింద నిధులిస్తారు. మా తెలంగాణలోనూ 2019 పంచాయతీ ఎన్నికల ముందు ఏకగ్రీవాలకు నజరానా అన్నారు. కొన్ని ఊళ్లలో సర్పంచ్ పదవిని వేలం పాడిన వార్తలు చదివాం. ఊరి మంచికే అంటారు. కానీ ఏకగ్రీవం కుదిర్చేది రచ్చకట్ట మీద, పదిమంది ముందు. అక్కడ తెర లేదు. కూలివాడు, కౌలుదారు, అప్పున్నవాడు, ఒంటరి ఆడమనిషి అక్కడ కాదని ఎలా అంటారు? మా బాపులాంటి వాళ్లకు కాదనే చోటు ఆ తెర వెనకే ఉంది.

అందుకని చదివేవాళ్లను కోరేది ఇది. ఊళ్లో ఏకగ్రీవం మాట వస్తే, పోటీ ఉండనివ్వండి, ఓటు పడనివ్వండి అని ఒక్కరైనా లేచి చెప్పండి. మీ దగ్గర పనిచేసేవాళ్లకు పోలింగ్ రోజు కూలితో సెలవివ్వండి. వాళ్ల ఓటరు కార్డులు మీ దగ్గర పెట్టుకోకండి. బూత్‌ల లెక్కలు కలిపి చూపే పద్ధతి తెమ్మని మీ ఎంపీని అడగండి. పోలింగ్ సాయంత్రం భార్యనైనా, కొడుకునైనా, పనివాణ్ణైనా, స్నేహితుణ్ణైనా "ఎవరికి వేశావు?" అని అడగకండి. వేశావా అని అడగండి, చాలు.