హీటర్ ఎక్కనీ బేటా

అనంతపురం అంటే ఎండ, కరువు అనుకుంటారు అందరూ. డిసెంబరు, జనవరి నెలల్లో ఫజర్ వేళకు ఈ పీఠభూమి మీద చలి ఎట్లుంటుందో మాలాంటి డ్రైవర్ల ఖాందాన్లను అడగాలి.

మా అబ్బాకు పాత డీజిల్ జీపు ఉండేది. దాని కిరాయితోనే ఇల్లు గడిచేది. అందులో కంప్యూటర్ లేదు. నాజల్స్‌కు ఎంత డీజిల్ పోవాలో పంపే చూసుకునేది. 1951లో మొదలైన మైకో కంపెనీ బెంగళూరులో చేసే పంపుల పేరు మన మెకానిక్ ఉస్తాద్‌లందరి నోట్లో ఉండేది.

చలికాలంలో అబ్బాది ఒకటే తరీఖా. హీటర్ వేసి నిదానంగా ఇరవై లెక్కపెట్టేవారు. చేతి యాక్సిలరేటర్ నాబ్ కొంచెం లాగి, క్లచ్ తొక్కి సెల్ఫ్ కొట్టేవారు. ఇంజన్ అందుకున్నాక రెండు మూడు నిమిషాలు కూర్చుని, నాబ్ మెల్లగా లోపలికి నెట్టేవారు. తొందరపడి నెడితే ఇంజన్ ఆగిపోయేది.

1998 డిసెంబరు. నేను ఇంటర్‌లో ఉన్నాను. ఈ ఇంతెజార్ రోజూ ఎందుకు, స్లో పెంచేస్తే పోదా అనిపించింది. అబ్బా మసీదు నుంచి వచ్చేలోగా పంపు మీద లాక్‌నట్ వదులు చేసి, స్లో స్క్రూ అర చుట్టు తిప్పేశాను. ఇంజన్ చలిలోనూ ఆగకుండా నిలబడింది. నా హుషారు చూడాలి! అబ్బాకు మాత్రం చెప్పలేదు.

ఆ రోజు నికాహ్‌వాళ్లను గుత్తికి తీసుకుపోయాం. మధ్యాహ్నం షాదీఖానా ముందు జనం. అబ్బా ఫస్ట్ గేర్‌లో జీపును పక్కకు తీస్తున్నారు. కాలు యాక్సిలరేటర్ మీద లేకపోయినా బండి ముందుకే తోసుకుపోతోంది. ఎక్కడినుంచో ఒక చిన్నపిల్ల అడ్డంగా పరుగెత్తింది. అబ్బా క్లచ్, బ్రేకు కలిపి తొక్కి, ఇంజన్ ఆపే నాబ్ లాగేశారు. పిల్లకూ బంపర్‌కూ మధ్య జానెడు.

బానెట్ ఎత్తితే లాక్‌నట్ మీద కొత్త గీతలు కనబడ్డాయి. అబ్బా నా మొహం చూశారు. అరవలేదు. స్పానర్ నా చేతికిచ్చారు.

"తిప్పినోడివి నువ్వే, సరిచేసేదీ నువ్వే. చూడు బేటా, ఇంజన్ మిజాజ్ పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. చలిలో ఆయిల్ చిక్కగా ఉంటాది, అంతా బిగుసుకోనుంటాది. అప్పుడు చూసి స్లో పెడితే, వేడెక్కి వదులైనాక రేజ్ కాదా? స్లో ఎప్పుడూ వేడి ఇంజన్ మీదే పెట్టాల. పొద్దున కావాల్సింది స్క్రూ కాదు, సబర్."

డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఉండదు. నొక్కుకుపోయిన గాలి వేడికే డీజిల్ అంటుకోవాలి. చల్లటి ఇనుము ఆ వేడిని లాగేసుకుంటుంది. అందుకే హీటర్, అందుకే ఆ నాబ్. 1970, 80ల నాటి మెర్సిడెస్ డీజిల్ కార్లలో కూడా స్లో పెంచడానికి డ్యాష్‌బోర్డు మీద నాబ్ ఉండేది. ఇంజన్ వేడెక్కాక దాన్ని తగ్గించేసేవాళ్లు. ఇప్పటికీ ఎవరింట్లోనైనా అలాంటి పాత బండి ఉంటే, చలికి ఆగిపోతోందని ముందే స్క్రూ ముట్టుకోకండి. హీటర్ ప్లగ్గులు, బ్యాటరీ, డీజిల్ లైన్‌లో గాలి, నాజల్స్ చూపించండి. స్క్రూ సంగతి ఆఖర్న.

జీపు అమ్మేసి చాలా ఏళ్లయింది. అబ్బాకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులు. పొద్దున మంచం దిగడానికి టైం పడుతుంది. పేపర్ ఆఫీసు తొందర నాది. "అబ్బా, జల్దీ! డాక్టర్ వెళ్లిపోతారు" అని గొంతు పెంచుతాను.

ఆయన మంచం అంచున కూర్చుని, కళ్లెత్తకుండానే అంటారు:

"హీటర్ ఎక్కనీ బేటా."