బిలాస్‌పూర్ స్టేషనులో 23 రూపాయల బాకీ

హౌరా నుంచి నాగపూర్ మీదుగా బొంబాయి వైపు సాగే రైలుమార్గంలో బిలాస్‌పూర్ ఒక పెద్ద మజిలీ. అర్పా నదీతీరాన ఉన్న ఈ ఊరిని జంక్షనుగా తీర్చినది పూర్వపు బెంగాల్ నాగపూర్ రైల్వే. కట్నీ వైపు అడవులగుండా పోయే దారి ఇక్కడే చీలుతుంది. ఆ కంపెనీ కొలువుల కోసం తరలివచ్చి స్థిరపడిన కుటుంబాల మూలంగా రైల్వే కాలనీలో నేటికీ తెలుగు వినబడుతుంది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు దానికి ఈ ఊరే కేంద్రస్థానమైంది.

ఇవన్నీ పరిపాలనకు సంబంధించిన ఘనతలు. సాహిత్యంలో ఈ స్టేషనుకున్న స్థానం వేరు. రవీంద్రనాథ్ ఠాకూర్ 1918లో వెలువరించిన ‘పలాతక’ సంపుటంలో ‘ఫాంకి’ అనే కథాకవిత ఉన్నది. ఆ మాటకు వంచన అని అర్థం. వ్యాధిగ్రస్తురాలైన బిను అనే యువతి భర్తతో కలసి గాలిమార్పు కోసం బయలుదేరి, బండి మారడానికి బిలాస్‌పూర్‌లో ఆరు గంటలు ఆగుతుంది. అక్కడ రుక్మిణి అనే కూలివాని భార్య తన కూతురి పెళ్లి కష్టం చెప్పుకుంటుంది. ఆమెకు 25 రూపాయలు ఇమ్మని బిను భర్తను కోరుతుంది. అతడు రుక్మిణిని చాటుకు తీసుకుపోయి, బెదిరించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపివేస్తాడు. రెండు నెలలకు బిను కన్నుమూస్తుంది, భర్త తన మాట చెల్లించాడన్న తృప్తితోనే. మిగిలిన బాకీ తీర్చాలని అతడు తిరిగి వచ్చేసరికి రుక్మిణి లేదు.

ఈ కవితను స్టేషనులో ఫలకంపై చెక్కించారు. తన ప్రాంగణంలో ఒక పేదరాలికి జరిగిన మోసాన్నే గౌరవచిహ్నంగా నిలుపుకొన్న స్టేషను మరొకటి ఉండదేమో!

ఠాకూర్ పేరు మీదనే తరువాతి కాలంలో మరొక విధమైన వంచన జరిగింది. అరవై దాటిన తరువాత కుంచె పట్టిన ఆయన 1930లో పారిస్‌లో తొలి ప్రదర్శన జరిపి, మొత్తం రెండువేలకు పైగా చిత్రాలు విడిచివెళ్లారు. చట్టప్రకారం అవి దేశం దాటరాని కళానిధులు. 2011లో కలకత్తా ప్రభుత్వ చిత్రకళా కళాశాలలో ఆయనవిగా ప్రదర్శించిన 20 చిత్రాలు నకిలీవని పురావస్తుశాఖ పరిశీలనలో తేలింది.

నకలు తీయడం పాపం కాదు. శిష్యుడు గురువు గీతను అనుసరించే నేర్చుకుంటాడు. రవివర్మ అచ్చుబొమ్మలు మన ఇళ్ల గోడలను అలంకరించాయి. వాటిని అసలు చిత్రాలని ఎవరూ భ్రమపడలేదు. అనువాదం చేసే నావంటివారూ పరుల గొంతుతోనే మాట్లాడతారు. అయితే పుస్తకం మొదటి పుటలో అనువాదకుని పేరు వేరే ఉంటుంది. వంచన ఆరంభమయ్యేది ఆ పేరు మాయమైన చోటనే.

అది ఎంత సునాయాసంగా మాయమవుతుందో ఇంగ్లండులో జాన్ మయట్ ఉదంతం తెలుపుతుంది. భార్య విడిచిపోగా ఇద్దరు పసిపిల్లలను సాకుతూ, ఇంటిపట్టునే నాలుగు డబ్బులు సంపాదించుకోవాలని ఆ చిత్రకారుడు 1986లో ఒక పత్రికలో ప్రకటన వేశాడు: ప్రసిద్ధుల చిత్రాలకు నకళ్లు వేసి ఇస్తాను, వెల 150 పౌండ్లు మొదలు. అందులో దాపరికమేమీ లేదు. జాన్ డ్రూ అనే పెద్దమనిషి ఆ చిత్రాలను తరచుగా కొనసాగాడు. ఒకనాడు అతడు, అల్బేర్ గ్లేజ్ శైలిలో మయట్ వేసిన చిత్రం అసలుదిగా 25,000 పౌండ్లకు పోయిందని చెప్పి, సగం సొమ్ము ఇవ్వజూపాడు. చేతిలో కాసులేని తండ్రి కాదనలేకపోయాడు. ఆపైన సుమారు 200 చిత్రాలు తయారైనాయి, అదీ గోడలకు పూసే మామూలు రంగులతో! వాటికి పూర్వచరిత్ర కల్పించడానికి డ్రూ ఏకంగా లండన్ మ్యూజియముల దస్తావేజులలోనే దొంగకాగితాలు చొప్పించాడు.

1999లో ఇద్దరికీ శిక్ష పడింది. డ్రూకు ఆరేళ్లు, పోలీసులకు సహకరించిన మయట్‌కు ఒక్క ఏడాది. విడుదలైన పిమ్మట మయట్ మళ్లీ నకళ్లే వేస్తున్నాడు, కాని అవి నకళ్లేనని బాహాటంగా చెప్పి అమ్ముతున్నాడు. అంతకుముందు చలామణి అయిన 200 చిత్రాలలో సగమైనా పోలీసులకు దొరకలేదు. అవి ఏయే ఇళ్లలో, ఎవరి సంతకాలతో వేలాడుతున్నాయో మరి. రుక్మిణి విషయంలో బిలాస్‌పూర్ స్టేషనువారు నయం, డార్జిలింగో, ఖస్రూబాగో, అరకానో అని మూడు ఊళ్ల పేర్లయినా చెప్పగలిగారు.